ఆరుబయట పెద్ద పెనానికి ఏ ప్లేటు? మందం ఎంత?

పెరటిపొయ్యి:
ఆరుబయట వాడుకోవడానికి పెద్ద పెనం సొంతంగా చేసుకుందామనుకుంటున్నాను. కొలత 70 × 45 సెం.మీ. కింద రెండు గ్యాస్ బర్నర్లు. ఫ్రేమ్‌కి యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) ఉంది, వెల్డింగ్ కూడా వచ్చు. తేలనిది ప్లేటు ఒక్కటే. స్టెయిన్‌లెస్ అయితే తుప్పు గొడవ ఉండదని ఒకరు, అల్యూమినియం తేలికని ఒకరు, మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీలు, అంటే సాధారణ ఉక్కు) చాలని మరొకరు అంటున్నారు. మందం అడిగితే 4 ఎం.ఎం. నుంచి 12 ఎం.ఎం. దాకా తలా ఒక మాట. చేసుకుని వాడుతున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి.

నల్లపెనం:
లోహం విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదండీ, ఎంఎస్ తీసుకోండి. స్టెయిన్‌లెస్‌లో 304 రకం వేడిని పాకించే శక్తి ఎంఎస్‌లో మూడో వంతే. బర్నర్ పైన మాడుతుంది, జానెడు అవతల ఉడకదు. పైగా అది వేడికి ఎక్కువ సాగుతుంది కాబట్టి వంకర పోవడమూ ఎక్కువే. నా దగ్గర 5 ఎం.ఎం. స్టెయిన్‌లెస్ ప్లేటు ఉంది. బర్నర్ ఎక్కడుందో పైనున్న మచ్చలు చూసి చెప్పేయొచ్చు. ఎంఎస్‌కి తుప్పు పట్టే మాట నిజమే, కానీ నూనె పట్టించి నల్లగా చేసుకున్నాక ఆ బెంగ చాలావరకు పోతుంది.

సన్నసెగ:
అల్యూమినియం వేడిని బాగా పాకిస్తుంది, అందులో సందేహం లేదు. కానీ 660 డిగ్రీలకే కరుగుతుంది. అంతకు చాలా ముందే, 200 డిగ్రీలు దాటినప్పటి నుంచి మెత్తబడుతూ వస్తుంది. ఖాళీ ప్లేటు కింద మంట పెద్దగా పెట్టి మరిచిపోతే మధ్యలో కుంగిపోతుంది. పులుపు తగిలితే లోహం వంటలోకి దిగుతుంది కూడా. పెద్ద బర్నర్ల మీదికి నేనైతే వద్దంటాను.

కొలతటేపు:
అసలు ఆలోచించాల్సింది మందం గురించి. ముందు బరువు లెక్క చూడండి. చదరపు మీటరు స్టీలు ప్రతి మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు తూగుతుంది. మీ కొలతకి 6 ఎం.ఎం. అయితే దాదాపు 15 కిలోలు, 8 అయితే 20, 10 అయితే 25, 12 అయితే 30.

ఇక వేడెక్కే సమయం. మంటలోంచి ప్లేటులోకి నిజంగా చేరే వేడి 3 కిలోవాట్లు అనుకుందాం. ప్లేటు 200 డిగ్రీలు పెరగడానికి 6 ఎం.ఎం.కి 8 నిమిషాలు, 10 ఎం.ఎం.కి 14 నిమిషాలు పడుతుంది. గాలికి పోయే వేడి కలిపితే ఇంకా ఎక్కువే. గాలి వీచే చోట ఆ తేడా బాగా తెలుస్తుంది. బర్నర్లు చిన్నవైతే మందం ప్లేటు కొని ప్రయోజనం లేదు, గ్యాస్ అంతా దాన్ని వేడి చేయడానికే అయిపోతుంది. అందుకే ముందు మీ బర్నర్లు ఎంత పెద్దవో చెప్పండి.

ఇనపచెయ్యి:
నాది 12 ఎం.ఎం. ఒకసారి వేడెక్కిందంటే చల్లటి పదార్థం వేసినా ప్లేటు వేడి అంతగా తగ్గదు, పదిమందికి వండేటప్పుడు అది గొప్ప సుఖం. ఇబ్బంది ఏమిటంటే మాట వినదు. మాడుతోందని మంట తగ్గించినా చాలాసేపటి దాకా అదే వేడి ఉంటుంది. అందుకని ఒక వైపు బర్నర్ ఎప్పుడూ సన్నగా పెట్టి, అయినవాటిని అటు జరుపుతాను. కడగడానికి ఒక్కణ్ణే ఎత్తలేను, ఇంకొకరు పట్టాలి.

కొలిమిగాలి:
నేను 6 ఎం.ఎం. వాడుతున్నాను, ఇంట్లో నలుగురికి హాయిగా సరిపోతోంది. మొదట్లో మధ్యలో కొంచెం ఉబ్బి, నూనె అంచులకు జారేది. కారణం తర్వాత అర్థమైంది. మధ్యభాగం గబగబా వేడెక్కి సాగాలని చూస్తుంది, చల్లగా ఉన్న అంచులు దాన్ని సాగనివ్వవు, దాంతో పైకో కిందికో లేస్తుంది. ఇప్పుడు మొదటి పది నిమిషాలు రెండు బర్నర్లూ సన్నగా పెట్టి, ఆ తర్వాతే పెంచుతాను. ఉబ్బు దాదాపు పోయింది. 4 ఎం.ఎం. మాత్రం ఈ కొలతకి వద్దండీ, ఎంత జాగ్రత్తపడినా వంగుతుంది.

నల్లపెనం:
కొలిమిగాలి గారి మాటకి ఇంకొకటి చేరుస్తాను, ఇది చాలామంది పట్టించుకోరు. ప్లేటుని ఫ్రేమ్‌కి వెల్డ్ చేయకండి! 70 సెం.మీ. ప్లేటు 200 డిగ్రీలు వేడెక్కితే పొడవులో ఒకటిన్నర మిల్లీమీటర్ల పైనే సాగుతుంది. కదలడానికి చోటు లేకపోతే ఎంత మందమైనా వంగక తప్పదు. ఫ్రేమ్ మీద ఊరికే ఆనించి, జారకుండా కింద నాలుగు మూలలా చిన్న ముక్కలు పెట్టి, చుట్టూ 3 ఎం.ఎం. సందు వదలండి. పక్కగోడలు అంటించాలనుకుంటే పొడుగునా ఏకంగా లాగొద్దు. అటొక అంగుళం, ఇటొక అంగుళం టాకాలు (చిన్న వెల్డింగ్ అతుకులు) వేస్తూ, మధ్యలో చల్లారనివ్వాలి.

పెరటిపొయ్యి:
బర్నర్లు మధ్యరకం, మరీ పెద్దవి కావు. పాత సామాను దుకాణంలో 8 ఎం.ఎం. ముక్క ఒకటి చూశాను, బూడిద రంగులో మెరుస్తోంది. ఇంకొకటి రంగు వేసినది. తీసుకోవచ్చా?

సన్నసెగ:
రెండూ వద్దు. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది, గ్రైండర్‌తో గీకితే ఆ పొడి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బూడిద రంగులో మెరిసేది జింక్ పూత కావచ్చు. వెల్డ్ చేసేటప్పుడు వచ్చే తెల్లపొగ పీలిస్తే చలిజ్వరం వచ్చినట్టు ఒళ్లంతా వణుకుతుంది. వంట చేసే చోట ఆ పూత అస్సలు ఉండకూడదు. అయస్కాంతంతో తేలదు, పూత ఉన్నా లేకపోయినా కింద ఇనుమే కాబట్టి అతుక్కుంటుంది. పాత ప్లేటు ఇంతకుముందు ఏ ట్యాంకుకి, ఏ మందులకి వాడారో మనకెలా తెలుస్తుంది? ఈ ఒక్క విషయంలో పొదుపు చూడకండి, కొత్తది కోయించుకోండి.

కొలతటేపు:
కొత్తది కొనేటప్పుడు హాట్ రోల్డ్ (బాగా కాల్చి రోలర్ల మధ్య సాగదీసినది) అని అడగండి. నీలం కలిసిన నలుపు పొర ఉంటుంది, అది తీసేయాలి. వదిలేస్తే వేడికి పెచ్చులుగా లేచి, నూనె పొర కూడా దాంతోపాటే ఊడుతుంది. గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్క్ (గరుకు కాగితపు చక్రం) తగిలించి తీయొచ్చు, కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి. నాకు నచ్చిన పద్ధతి వెనిగర్. ప్లేటు మీద గుడ్డ పరిచి, వెనిగర్‌తో తడిపి, ఆరకుండా ప్లాస్టిక్ కప్పి రాత్రంతా ఉంచితే ఉదయానికి పొర మెత్తబడి బ్రష్‌కి వచ్చేస్తుంది. వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే మంట మీద ఆరబెట్టండి. కాసేపు ఆగినా ఎర్రటి తుప్పు మొదలవుతుంది.

ఇనపచెయ్యి:
ఆరిన వెంటనే నూనె. ప్లేటు మొత్తం రాసి, ఇంకో పొడిగుడ్డతో రాయనట్టే కనిపించేదాకా తుడిచేయాలి. పొగ ఆగేవరకు వేడి చేసి, మళ్లీ పలచగా రాయాలి. నాలుగైదు సార్లకి నలుపు వస్తుంది. నూనె మందంగా ఉంటే జిగటగా మిగిలిపోతుంది, అది గీకి తీయడం పెద్ద పని.

కొలిమిగాలి:
ఒక జాగ్రత్త. ఇంత పెద్ద ప్లేటు బర్నర్లని పూర్తిగా మూస్తే మంటకి గాలి అందదు. మంట పసుపు రంగులోకి మారి, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. పక్కలు తెరిచి ఉంచండి, వేడిగాలి బయటికి పోవాలి. సిలిండర్, గొట్టం, రెగ్యులేటర్ ప్లేటు నీడలో కూడా ఉండకూడదు. షెడ్డు లోపలికి ఎప్పుడూ తేవొద్దు.

పెరటిపొయ్యి:
అందరికీ చాలా థాంక్స్. కొత్త ఎంఎస్, 8 ఎం.ఎం. కోయిస్తున్నాను. ఒక్క సందేహం మిగిలింది. నూనె కారడానికి వాలు ఎంత పెట్టాలి? రంధ్రం ఎక్కడ?

నల్లపెనం:
మీటరుకి ఒక సెంటీమీటరు వాలు చాలు, అంతకు మించితే గరిటజారు పదార్థం ఒక పక్కకి పోతుంది. రంధ్రం ముందువైపు మూలలో, మంటకి దూరంగా ఉండాలి, దాని కింద డబ్బా వేలాడదీయండి. మధ్యలో మాత్రం పెట్టొద్దు, కారిన నూనె బర్నర్ మీద పడి అంటుకుంటుంది. ముందు కాళ్లకి బోల్టు పెడితే వాలు తర్వాత కూడా సరిచేసుకోవచ్చు.