లిబరల్ స్టడీస్ కోర్సు ఎంచుకునే ముందు ఏం చూడాలి?

ప్రశ్న (డిగ్రీ రెండో సంవత్సరం, రసాయనశాస్త్రం):
వచ్చే సెమిస్టర్‌లో మా ప్రధాన సబ్జెక్టుకు బయట ఒక లిబరల్ స్టడీస్ కోర్సు తప్పనిసరిగా తీసుకోవాలి. నా ముందు రెండు ఉన్నాయి. ఒకదానిలో తత్వశాస్త్రం, చరిత్ర, ఆర్థికశాస్త్రం, సాహిత్యం ఒకదాని తర్వాత ఒకటి పరిచయం చేస్తారు. రెండోది ‘నీరు, ఆరోగ్యం, నగరం’ అన్న ఒకే అంశం చుట్టూ చివరిదాకా నడుస్తుంది. మొదటిది విస్తృతంగానూ రెండోది కాస్త ఇరుకుగానూ కనిపిస్తున్నాయి. ఇలాంటి కోర్సు వేర్వేరు శాస్త్రాలను నిజంగా కలుపుతుందో, పక్కపక్కన పెట్టి వదిలేస్తుందో చేరకముందే ఎలా తెలుసుకోవాలి? మార్కుల కోసం కాదు, చదవాలన్న కోరికతోనే అడుగుతున్నాను.

మొదటి జవాబు (ప్రజారోగ్య పరిశోధకుడు):
రెండోదే తీసుకోండి. ఇరుకుగా కనిపించే ప్రశ్నే చాలాసార్లు ఎక్కువ శాస్త్రాలను లోపలికి రప్పిస్తుంది. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మరణాలు సంభవించిన ఇళ్లను పటం మీద గుర్తించి, అవి ఒక నీటి పంపు చుట్టూ ఎక్కువగా ఉన్నాయని చూపాడు. అదే వీధిలోని బీరు కర్మాగారంలో పనిచేసేవారికి ఆ పంపు నీటితో అవసరం పడేది కాదు. వారిలో మరణాలు లేవు. మీ సబ్జెక్టు దృష్ట్యా ముఖ్యమైన విషయమేమిటంటే, స్నో ఆ నీటిని పరీక్షించినా అందులోని దోషం నిర్ణయాత్మకంగా తేలలేదు. ప్రయోగశాల తేల్చలేకపోయిన చోట పటమూ లెక్కలూ వాదనను నిలబెట్టాయి. చెడుగాలి వల్లే రోగం వస్తుందని నమ్మే రోజులవి. అందుకే చాలామంది ఒప్పుకోలేదు. ఆ వాదనను మొదట అనుమానించిన స్థానిక మతాధికారి హెన్రీ వైట్‌హెడ్ ఇంటింటికీ తిరిగి విచారించి, చివరికి దానికే బలం చేకూర్చాడు. ఆ కుటుంబాలతో ఆయనకు పరిచయం లేకపోతే అంత సమాచారం దొరికేది కాదు. ఇందులో వైద్యం ఎక్కడ ముగిసిందో, సమాజ పరిశీలన ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం.

రెండో జవాబు (చరిత్ర అధ్యాపకురాలు):
పై జవాబుతో ఏకీభవిస్తూనే, కోర్సు పేరు చూసి నిర్ణయించుకోవద్దంటాను. పాఠ్యప్రణాళికలో చివరి అసైన్‌మెంట్ ఏమిటో చూడండి. ‘ఏదైనా ఒక యూనిట్ మీద వ్యాసం రాయండి’ అని ఉంటే, అంశం ఒకటే అయినా అక్కడ శాస్త్రాలు కలవడం లేదు. రెండు శాస్త్రాల ఆధారాలు పరస్పరం విభేదించే సమస్యను ఇచ్చి, దేనిని ఎందుకు నమ్ముతారో రాయమంటే అది నిజమైన కోర్సు. ఇద్దరు అధ్యాపకులు బోధిస్తుంటే, ఒకరి క్లాసులో మరొకరు కూర్చుంటారా అని కూడా అడగండి. విద్యార్థుల ముందు వారిద్దరూ మర్యాదగా వాదించుకోవడం కంటే మంచి పాఠం లేదని నా నమ్మకం. ప్రశ్న చుట్టూ కోర్సు నడపడం కొత్తేమీ కాదు: అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 1919లో మొదలైన సమకాలీన నాగరికత కోర్సు కూడా మొదటి ప్రపంచయుద్ధం లేవనెత్తిన ప్రశ్నల నుంచే పుట్టింది.

మూడో జవాబు (ఆర్థికశాస్త్ర పరిశోధక విద్యార్థి):
పరిచయ కోర్సును అంత తేలిగ్గా తీసేయకండి. ఒక శాస్త్రం ఏది ఆధారంగా ఒప్పుకుంటుందో బొత్తిగా తెలియనివారు దాన్ని మరొకదానితో కలపబోతే మిగిలేది అభిప్రాయాలే. అమెరికాలోని సాంకేతిక విశ్వవిద్యాలయమైన ఎంఐటీలో డిగ్రీ విద్యార్థులు మానవీయ, కళా, సామాజిక శాస్త్రాలలో ఎనిమిది కోర్సులు చదవాలి. వాటిలో కొన్ని ఒకే రంగానికి చెందినవై ఉండాలన్న నియమం నాకు చాలా సబబుగా తోస్తుంది. అయితే ఒక్క కోర్సుకే అవకాశం ఉన్నప్పుడు, రసాయనశాస్త్రంలో ఇప్పటికే కొంత పట్టు ఉన్న మీకు నీటి కోర్సే మేలు. చర్చలో మీ వంతుగా చెప్పడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. నీటి కోర్సు పాఠ్యప్రణాళిక తెప్పించుకుని చూశాను. ఒక నీటి నమూనా పరీక్షా ఫలితాన్నీ, ఆ నీరు వాడేవారి ఫిర్యాదులనూ పక్కపక్కన ఇచ్చి, అవి ఎందుకు పొసగడం లేదో వివరించమన్నదే చివరి అసైన్‌మెంట్. అధ్యాపకులిద్దరూ అన్ని క్లాసులకూ వస్తారా అని విభాగానికి రాశాను; వస్తామంటే అందులోనే చేరతాను.