అప్‌డేట్: ఔరంగజేబు దర్బారును బంగారంలో పోసిన జర్మన్ కంసాలి

డ్రెస్డెన్ మ్యూజియంలో ఔరంగజేబు పుట్టినరోజు దర్బారు బొమ్మల కొలువులా ఉంది, అది చేసినాయన ఎవరు, మన దేశం వచ్చాడా అని అడిగాను కదా. జవాబులిచ్చిన వాళ్లందరికీ థాంక్స్. తర్వాత నేనూ కూర్చుని చదివాను.

ఆయన పేరు యోహాన్ మెల్కియోర్ డింగ్లింగర్. 1664లో బీబెరాఖ్‌లో పుట్టాడు, 1731లో డ్రెస్డెన్‌లో పోయాడు. డ్రెస్డెన్ రాజధానిగా ఉన్న జర్మన్ రాజ్యం శాక్సనీ పాలకుడు అగస్టస్‌కు ఆస్థాన స్వర్ణకారుడు. ఇండియా గడప తొక్కనేలేదు! టావెర్నియే లాంటి యాత్రికుల రాతలు చదివి ఊహించుకున్నాడు. అందుకే మొఘల్ దర్బారులో చైనా పోకడలు కూడా కనిపిస్తాయి.

1701 నుంచి 1708 దాకా పట్టింది. తమ్ముళ్లిద్దరూ చేయి వేశారు. ఎనామెల్ పని (లోహం మీద రంగుల గాజు పూత) వాళ్లలో ఒకడైన గియోర్గ్ ఫ్రీడ్రిక్‌ది. 130కి పైగా బొమ్మలు, దాదాపు 5,000 వజ్రాలు. నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, రాజు ఆర్డర్ ఇవ్వకుండానే సొంత ఖర్చుతో మొదలుపెట్టాడట. ఎంత గుండె ధైర్యం! చివరికి రాజు 58,485 థాలర్లకు (అప్పటి జర్మన్ వెండి నాణేలు) కొన్నాడు, అదీ వాయిదాల్లో. (రాజుల దగ్గర కూడా ఈఎంఐలే.) పని పూర్తి కాకముందే, 1707లో, అసలు ఔరంగజేబు చనిపోయాడు.

వజ్రాలు గోల్కొండవేనా అని ఒకరు అడిగారు. బ్రెజిల్ గనులు బయటపడింది 1720లలో. అంతకుముందు యూరప్‌కు వజ్రాలు ప్రధానంగా ఇండియా నుంచే వెళ్లేవి. కాబట్టి వాటిలో కృష్ణా తీరం రాళ్లు ఉండే ఉంటాయని నా అంచనా, అంతే. ఆ గోల్కొండను 1687లో గెలుచుకున్నదీ ఈ ఔరంగజేబే.