స్టేషన్‌లో కౌన్సెలింగ్‌కే తిప్పుతున్నారు, నేరుగా కోర్టుకు వెళ్లొచ్చా?

ప్రశ్న: భర్త కొడుతున్నాడని ఒకామె ఫిర్యాదిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టకుండా కౌన్సెలింగ్‌కు రమ్మంటున్నారు. ఆమె ఇప్పుడు పుట్టింట్లో ఉంది, అత్తారిల్లు వేరే జిల్లా. ఏం చేయాలి?

జవాబు 1: వెళ్లొచ్చండి. 2005 గృహ హింస చట్టం సెక్షన్ 12 కింద రక్షణ, భరణం కోరే పిటిషన్‌కు ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు. ఆమె ప్రస్తుతం ఉంటున్న ఊరి మేజిస్ట్రేట్ కోర్టులోనే వేయొచ్చు, సెక్షన్ 27 ఉంది. 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా నోటీసు అందక వాయిదాలు పడతాయి. అందుకే మొదటిరోజే సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వులు (కేసు తేలేలోపు ఇచ్చేవి) అడగండి, ఫారం 3లో అఫిడవిట్ జతచేసి. భరణం కావాలంటే ఆస్తులు, అప్పుల అఫిడవిట్ కూడా తప్పనిసరి, 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. లాయరు ఫీజు గురించి భయపడకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది.

జవాబు 2: దెబ్బలుంటే ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే దెబ్బల వివరాలతో డాక్టరు రాసే రికార్డు) రాయించండి. ఎవరు, దేనితో కొట్టారో డాక్టరుకు చెప్పాలి. పరువు కోసం "బాత్రూంలో జారిపడ్డాను" అంటే అదే కాగితం అవతలి లాయరు చేతిలో పడుతుంది.

జవాబు 3: ఎఫ్‌ఐఆర్ కూడా వదలొద్దమ్మా. స్టేషన్‌లో తీసుకోకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 173(4) ప్రకారం ఫిర్యాదును ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్‌ను అడగొచ్చు. కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు వచ్చాక భర్త దాన్ని మీరితే గృహ హింస చట్టం సెక్షన్ 31 కింద అదే ఒక నేరం: ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రాత్రిపూట ప్రమాదమైతే 112, ఆశ్రయానికి 181.