క్లాక్ స్పీడ్‌ని "గడియార వేగం" అనవచ్చా?

ప్రశ్న: 1982లో బ్రిటన్‌లో వచ్చిన సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ హోమ్ కంప్యూటర్ గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. దాని జెడ్80ఏ ప్రాసెసర్ క్లాక్ స్పీడ్ 3.5 మెగాహెర్ట్జ్. "గడియార వేగం" అని రాస్తే చదివినవారికి నచ్చలేదు. వేరే మాట ఏదైనా ఉందా? జెడ్80 లెక్కల్లో వచ్చే "టీ-స్టేట్"ని (క్లాక్ ఒక్కసారి కొట్టుకునే వ్యవధిని) ఏమనాలి?

జవాబు: నాకు పేచీ గడియారంతో కాదండీ, వేగంతో. క్లాక్ సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెప్పే అంకె అది. పని ఎంత త్వరగా తెములుతుందో దాన్నిబట్టి తెలియదు. బీబీసీ మైక్రో అనే కంప్యూటర్‌లో 6502 ప్రాసెసర్ నడిచేది 2 మెగాహెర్ట్జ్ మీదే. మెమరీలో ఒక చిరునామా నుంచి బైట్ తెచ్చుకోవడానికి దానికి 4 క్లాక్ సైకిళ్లు చాలు, అంటే 2 మైక్రోసెకన్లు. అదే పనికి జెడ్80కి 13 టీ-స్టేట్లు కావాలి, స్పెక్ట్రమ్‌లో సుమారు 3.7 మైక్రోసెకన్లు. "గడియార వేగం" అని చదివినవారు స్పెక్ట్రమే ముందుందనుకుంటారు.

సింక్లెయిర్‌వారిదే మరో జెడ్80 కంప్యూటర్ జెడ్‌ఎక్స్81 ఇంకా మంచి ఉదాహరణ. అందులో ఫాస్ట్, స్లో అని రెండు బేసిక్ భాష కమాండ్లున్నాయి. స్లోలో ప్రాసెసర్ సమయం చాలావరకు తెర మీద బొమ్మ గీయడానికే సరిపోతుంది. ఫాస్ట్ కొడితే, ప్రోగ్రామ్ నడిచేంతసేపూ తెర మీద బొమ్మ ఉండదు, లెక్క మాత్రం చకచకా సాగుతుంది. రెండింటిలోనూ క్లాక్ 3.25 మెగాహెర్ట్జే! అందుకే ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్న "పౌనఃపున్యం" వాడండి. "క్లాక్ పౌనఃపున్యం" నోటికి కాస్త బరువే కానీ అబద్ధం చెప్పదు.

టీ-స్టేట్‌కి నా ఓటు "మాత్ర"కి. ఛందస్సులో లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. నిదానంగా చదివినా గబగబా చదివినా ఆ లెక్క మారదు. ఏ పనీ చేయని నాప్ ఆదేశానికి జెడ్‌ఎక్స్81లోనూ 4 టీ-స్టేట్లే, స్పెక్ట్రమ్‌లోనూ 4 టీ-స్టేట్లే. ఒక్కో టీ-స్టేట్ నిడివి మాత్రం మొదటిదాంట్లో సుమారు 308 నానోసెకన్లు, రెండోదాంట్లో 286. ఇంత అతికే మాట మన దగ్గరే ఉండగా కొత్తది పుట్టించడం దేనికి?

మరొకరు: పోలిక బాగుంది మాస్టారూ, కానీ రెండు అభ్యంతరాలు. మాత్ర అనగానే ఇప్పటివాళ్లకి టాబ్లెట్ గుర్తొస్తుంది. రెండోది అసలైనది. స్పెక్ట్రమ్‌లో 16384వ చిరునామా నుంచి 32767 వరకు ఉన్న మెమరీని తెర గీసే యూఎల్‌ఏ చిప్ కూడా చదువుతుంది. ప్రాసెసర్ అదే సమయంలో అక్కడికి వస్తే ఒక్కోసారి 6 టీ-స్టేట్ల దాకా ఆగాలి. అప్పుడు 13 కాస్తా 19 అవుతుంది. మరి లెక్క మారదన్న మాట నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుందండీ. 48కె (48 కిలోబైట్ల మెమరీ ఉన్న) స్పెక్ట్రమ్‌లో యూఎల్‌ఏ ప్రాసెసర్‌కి అందే క్లాక్‌నే ఆపేస్తుంది. ఆ కాసేపు ప్రాసెసర్‌కి దెబ్బలే అందవు, కాబట్టి దాని వైపు నుంచి చూస్తే 13 మాత్రలే గడిచాయి. 19 అన్నది బయటి నుంచి కొలిచిన లెక్క. కమోడోర్ 64 కంప్యూటర్ కథ వేరు. అక్కడ తెర గీసే విక్-2 చిప్ ప్రాసెసర్‌ని ఆపుతుంది కానీ క్లాక్ కొట్టుకుంటూనే ఉంటుంది.

టాబ్లెట్ సంగతి మీరన్నది నిజమే. మొదటిసారి వచ్చినచోట "క్లాక్ మాత్ర" అని రాసి, తర్వాత ఉత్త "మాత్ర" అంటే సరిపోతుంది. వ్యాసం రాస్తున్నవారికి ఒక మాట: యూఎల్‌ఏ ఆపడాన్ని "నిరీక్షణ" అనకండి. జెడ్80కి, ప్రాసెసర్‌ని ఆగమని చెప్పే వెయిట్ అనే పిన్ వేరే ఉంది, ఆ మాట దానికి కావాలి. ఇక్కడ "క్లాక్ నిలుపుదల" అనండి.