ఇండిపెండెంట్ సినిమాకి ఆర్‌ఆర్ (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) ఒప్పుకున్నాను, డైరెక్టర్ పెట్టిన రిఫరెన్స్ మ్యూజిక్ దాటి ముందుకెళ్లేదెలా?

బ్రాడీపేట కీస్:
అందరికీ నమస్తే. మాది గుంటూరు, ఇప్పటిదాకా షార్ట్ ఫిల్ములకే మ్యూజిక్ చేశాను, మొదటిసారి పూర్తి నిడివి సినిమా చేతికొచ్చింది. మిర్చి యార్డులో హమాలీగా పనిచేసే ఒకాయన కథ, ఆయన తండ్రి ఒకప్పుడు బుర్రకథ దళంలో వంతగా, అంటే కథకుడి పక్కన వంత పాడేవాడిగా చేసినవాడు. డైరెక్టర్ నా ఫ్రెండే, ఊళ్లో ఉన్న స్థలం అమ్మి మరీ తీశాడు. సినిమా నిజంగా బాగుంది, అందుకే నాకు టెన్షన్.

ఎడిట్‌లో మొదటి సీను నుంచి చివరి దాకా పెద్ద సినిమాల బీజీఎమ్‌లు పరిచేశాడు. నెలల తరబడి అవే వింటూ కట్ చేసుకున్నాడు కాబట్టి ఇప్పుడు నేనేం పంపినా "ఆ ఫీల్ రావట్లేదు" అంటున్నాడు. నాకేమో బుర్రకథ వాయిద్యాలతో చెయ్యాలనుంది, ఆయనకి కోరస్, స్ట్రింగ్స్ కావాలి. డబ్బులు 60 వేలు ప్యాకేజీ, లైవ్ ప్లేయర్లు కూడా అందులోనే. అగ్రిమెంటు ఒక పేజీ, "అన్ని హక్కులూ శాశ్వతంగా నిర్మాతవే" అని ఉంది. ఇంకోటి, టీ కొట్టు సీన్లో రేడియోలో పాత సినిమా పాట వస్తుంది, 60 ఏళ్లు దాటిన పాటకి పర్మిషన్ అక్కర్లేదంటున్నాడు, నిజమేనా?

ఎడిటింగ్ టేబుల్, బెజవాడ:
బ్రదర్, ముందు మీ కీబోర్డు పక్కన పెట్టండి. మీ ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి, మ్యూజిక్ ట్రాకులన్నీ మ్యూట్ చేసి, డైలాగులు, లొకేషన్ సౌండ్ మాత్రమే ఉంచి సినిమా మొత్తం చూడండి. మధ్యలో ఆపొద్దు. రెండోసారి మాత్రం ఆపుకుంటూ, మ్యూజిక్ ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఆ సీన్లో ప్రేక్షకుడికి ఏం తెలియాలి అని టైమ్‌కోడ్‌తో సహా ఆయన చేతే రాయించండి. చాలామంది డైరెక్టర్లు రిఫరెన్స్ పెట్టేది ఆ ట్యూన్ మీద మోజుతో కాదు, తమకేం కావాలో సంగీతం మాటల్లో చెప్పలేక పెడతారు. "ఈ ముక్కలో మీకు నచ్చింది ఏంటి, స్పీడా, బరువా, ఒంటరితనమా?" అని అడిగితే సమాధానం దొరుకుతుంది, అది దొరికాక ఆ ముక్కతో పనుండదు.

నా అనుభవంలో చిన్న సినిమాలు దెబ్బతినేది మ్యూజిక్ ఎక్కువై. యార్డు సీన్లే తీసుకోండి. హమాలీ టిక్కీని (మిర్చి బస్తాని) భుజం మీంచి లారీలోకి వేసినప్పుడు దబ్బుమని ఒక చప్పుడు వస్తుంది, ఘాటుకి ఎవరో దగ్గుతారు, దూరంగా వేలం అరుపులు. మీ లొకేషన్ రికార్డింగ్ బాగుంటే అక్కడ స్ట్రింగ్స్ వేసి వాటన్నిటినీ చంపకండి. ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పాక, ఎవరూ మాట్లాడని చోట మొదలుపెట్టండి, అప్పుడు ఒక్క తంబురా చాలు.

పిక్చర్ లాక్ అవ్వకముందు, అంటే ఎడిట్ ఇక మారదని ఖాయం కాకముందు మాత్రం ఫైనల్ బిట్లు కంపోజ్ చెయ్యొద్దు. థీమ్స్ వరకు చేసుకోండి.

పటమట కంపోజర్:
పై ఆయన చెప్పింది వంద శాతం కరెక్ట్. నేను బుర్రకథ సంగతి చెప్తాను, ఎందుకంటే మీకు దొరికిన అదృష్టం అదే. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ గారిది మీ జిల్లానే, పొన్నెకల్లు. ఆ కళని నేటికీ ఒంట్లో పెట్టుకుని తిరిగే పెద్దవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు, శాంపిల్ లైబ్రరీల్లో వెతక్కుండా ఒకాయన్ని పిలిపించి వాయించండి. కథకుడి తంబురా, వంతలు వాయించే గుమ్మెటలు (చిన్న డక్కీలు) సరే, అసలు అందం అందెల్లో ఉంది. బొటనవేలికి తొడుక్కునే ఆ లోహపు అందెని ఇంకో వేలి ఉంగరంతో తాటిస్తే వచ్చే చప్పుడుని మైకు దగ్గరగా పెట్టి, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి, విడివిడి దెబ్బలుగా కూడా రికార్డ్ చేసుకోండి. తండ్రి జ్ఞాపకం వచ్చిన ప్రతిచోటా ఆ ఒక్క చప్పుడు వినిపిస్తే సినిమాకి థీమ్ దొరికినట్టే. కోరస్ కావాలంటున్నారు కదా, వంతలు అందుకునే "తందాన తాన"ని సాగదీసి, వేగం తగ్గించి పాడించి వినిపించండి, ఆయనే ఒప్పుకుంటారు.

టెక్నికల్‌గా రెండు మాటలు. సెషన్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తెరవండి, ఫ్రేమ్ రేటు ఎడిటర్‌ని అడిగి అదే పెట్టుకోండి. సెకనుకి 24 ఫ్రేములైతే 72 టెంపోలో (నిమిషానికి 72 బీట్లు) ఒక్కో బీటు సరిగ్గా 20 ఫ్రేములకి, 90లో 16 ఫ్రేములకి పడుతుంది, కట్ మీద దెబ్బ పడాల్సిన సీన్లకి ఇది బాగా పనికొస్తుంది. మిక్సింగ్‌కి ఇచ్చేటప్పుడు ఒకే స్టీరియో ఫైలు ఇవ్వకుండా తాళవాద్యాలు, తంత్రులు, గొంతులు స్టెమ్స్‌గా విడదీసి ఇవ్వండి, డైలాగుకి అడ్డమొచ్చినదాన్ని ఒక్కటే తగ్గించుకోవచ్చు.

60 వేల ప్యాకేజీ వద్దు. మీ పారితోషికం వేరు, ప్లేయర్లు, స్టూడియో ఖర్చు వేరు అని రాయించుకోండి. లేకపోతే డైరెక్టర్ మార్పు అడిగిన ప్రతిసారీ ఆ ఖర్చు మీ జేబులోంచే పోతుంది. మార్పులు ఎన్నిసార్లో కూడా రాసుకోండి.

లా చదివిన శ్రోత:
అగ్రిమెంటు గురించి. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ వచ్చింది. థియేటర్లో సినిమాతో పాటు వినిపించినదాన్ని మినహాయిస్తే, టీవీ, ఓటీటీ లాంటి మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో సంగీతకర్తకి సమాన వాటా ఉంటుంది, దాన్ని వదులుకుంటున్నానని మీరు సంతకం పెట్టినా ఆ మాట చెల్లదు. మిగిలిన హక్కులు నిర్మాతకి రాసివ్వొచ్చు, కానీ ఏ హక్కు, ఎన్నాళ్లు, ఏ ప్రాంతం అనేది స్పష్టంగా ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే, ఇదీ చట్టం లెక్క. మీ కాగితంలో "శాశ్వతంగా" అని ఉంది కాబట్టి బేరం ఆడాల్సింది అక్కడే. సినిమా వరకు ఆయనకి ఇచ్చి, ఆల్బమ్‌గా విడిగా విడుదల చేసే హక్కు మీ దగ్గర ఉంచుకోమంటాను. ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి, సంగీతకర్తలు, గీత రచయితల కోసం 1969 నుంచి ఉన్న సంస్థ, రాయల్టీ వసూలు దాని ద్వారానే జరుగుతుంది.

పాత పాట విషయంలో మీ ఫ్రెండ్ సగమే విన్నారు. 60 ఏళ్లు అనేది రికార్డింగుకి, విడుదలైన ఏడాది తర్వాత నుంచి. బాణీకీ సాహిత్యానికీ మాత్రం వాటిని చేసినవారు చనిపోయాక 60 ఏళ్లు. ఘంటసాల గారు 1974లో పోయారు, ఆయన బాణీలకి 2034 చివరి దాకా కాపీరైట్ ఉంటుంది. అలాంటి పాటకి రికార్డింగు గడువు తీరినా పర్మిషన్ కావాలి, కొత్తగా పాడించినా కావాలి. ఆ టీ కొట్టు రేడియోకి మీరే పాతకాలం తీరులో ఒక పాట కట్టండి, ఖర్చు తగ్గుతుంది, మీకో పాట మిగులుతుంది.

బ్రాడీపేట కీస్:
చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. మ్యూట్ చేసి చూద్దామంటే ఒప్పుకున్నాడు, రేపు సాయంత్రం కూర్చుంటున్నాం. రేడియో పాట నేనే చేస్తానని చెప్పేశాను. బుర్రకథ పెద్దాయన్ని పిలిస్తే ఆయన దగ్గర కూడా ఏమైనా రాయించుకోవాలా? ఆయనకి ఇదంతా ఇబ్బందిగా ఉంటుందేమో.

లా చదివిన శ్రోత:
రాయించుకోవాలి, తెలుగులోనే, ఒక పేజీ. ఏ సినిమాకి, ఏ తేదీన, ఏం వాయించారు, ఎంత ఇచ్చారు, టైటిల్స్‌లో పేరు ఎలా పడుతుంది. సినిమాలో వాడుకోవడానికి సమ్మతి అందులో ఉండాలి. వాయించినవాళ్లకి కూడా ఆ సవరణతో రాయల్టీ హక్కు వచ్చింది, దాన్ని తీసేసే వాక్యం ఎవరైనా ఇరికిస్తే ఒప్పుకోకండి. సంతకానికి ముందు ఆయనకి చదివి వినిపించండి, ఇంట్లోవాళ్లు ఒకరు పక్కన ఉంటే ఇంకా మంచిది. డబ్బు మాత్రం రికార్డింగ్ అయిన రోజే చేతిలో పెట్టండి, సినిమా అమ్ముడయ్యాక ఇస్తాననొద్దు.