కవర్ పేజీకి డబ్బు తీసుకోవచ్చా? చిన్న పత్రికలు నడిపేవాళ్లు చెప్పండి

మొగల్రాజపురం:
నమస్కారం అండి. విజయవాడ నుంచి మూడు నెలలకోసారి చిన్న పత్రిక తెస్తున్నాను. మన చుట్టుపక్కల బొమ్మలు చెక్కేవాళ్లు, నేసేవాళ్లు, బుర్రకథ చెప్పేవాళ్లు, వీళ్ల గురించే రాస్తాను. 32 పేజీలు, 300 కాపీలు. మూడు సంచికలొచ్చాయి.

రెండో సంచిక కోసం కొండపల్లిలో ఒక పెద్దాయన దగ్గర రెండు రోజులు కూర్చున్నాను. తెల్ల పొణికి కర్రను సెగ మీద ఆరబెట్టి, చేతులూ తలా విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ మక్కు ఆయన గోళ్ల చుట్టూ గట్టిపడిపోయి ఉంది. ఆ చేతుల ఫోటోనే కవర్‌గా వేశాను. ఖర్చు తగ్గుతుందని కవర్ కూడా మ్యాప్‌లితో (మెరుపు లేని మామూలు అచ్చు కాగితం) మీదే వేయించాను. గోళ్లు కూడా కనపడనంత నల్లగా వచ్చింది. ఏడుపొచ్చేసింది. ఆయన మాత్రం ఆ కాపీని కొట్లో అద్దాల బీరువాలో, దశావతారాల సెట్టు పక్కనే పెట్టుకున్నారు.

ఇప్పుడు సమస్య డబ్బు. కాపీకి 58 రూపాయలు పడుతోంది, 60కి అమ్ముతున్నాను. షాపువాళ్ల కమీషన్ పోతే నష్టమే. ఒకాయన నాలుగో సంచిక ఖర్చంతా పెట్టుకుంటానంటున్నారు. వాళ్లమ్మాయి పెయింటింగ్స్ మీద కవర్ స్టోరీ వేయాలట. అమ్మాయి బాగానే వేస్తుంది. ఒప్పుకోనా?

గవర్నర్‌పేట డీటీపీ:
అమ్మా, 300కీ 500కీ ప్లేట్ల ఖర్చు ఒకటే. లోపల సింగిల్ కలర్ వేసి, నడిమి నాలుగు పేజీలకే ఆర్ట్ పేపర్, కలర్ పెట్టండి. మ్యాప్‌లితో ఇంకు పీల్చేస్తుంది. అందుకే ఫోటోను సీఎంవైకేలోకి, అంటే అచ్చుకు వాడే నాలుగు ఇంకుల రంగుల్లోకి మార్చాక కాస్త లేతగా చేసి ఇవ్వాలి. ప్రూఫ్ కూడా అదే కాగితం మీద అడగండి. ఫోన్లో, నెట్‌లో వాడే యూనికోడ్ నుంచి డీటీపీలో వాడే ‘అను’ ఫాంట్‌లోకి మార్చేటప్పుడు ఒక్కోసారి వత్తులు ఎగిరిపోతాయి. మనుషుల పేర్లు మాత్రం మళ్లీ ఒక్కొక్కటీ చదువుకోండి.

రిజిస్ట్రేషన్ చేయించారా? 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది, దరఖాస్తు అంతా ప్రెస్ సేవా పోర్టల్‌లోనే. పత్రికలకిచ్చే పోస్టల్ రాయితీ కావాలన్నా అది ఉండాల్సిందే.

మంగళగిరి మగ్గం:
చెల్లీ, తీసుకోవద్దు. మా నాన్న యాభై ఏళ్లుగా గుంట మగ్గం మీద నిజాం అంచు చీరలు నేస్తున్నారు. ఒకసారి ఒక పత్రికవాళ్లు వచ్చి పొద్దుటి నుంచీ మధ్యాహ్నం దాకా ఫోటోలు తీసుకున్నారు. ఫోటో కింద ‘మంగళగిరి నేత కార్మికుడు’ అని వేశారు. పేరు లేదు. నాన్న అద్దాలు పెట్టుకుని ఆ పేజీ అంతా వెతికారు, వెనక పేజీ కూడా తిప్పి చూశారు. డబ్బిచ్చినవాళ్లకే కవర్ అంటే మాలాంటివాళ్ల వంతు ఎప్పటికొస్తుంది?

బ్రాడీపేట:
వెనక అట్ట మీద ప్రకటన తీసుకోండి, ‘ప్రకటన’ అని స్పష్టంగా వేయండి. అందులో తప్పేం లేదు. ఏడాది చందాలు ముందే కట్టించుకోండి. నాది రాసుకోండి. జనవరిలో పుస్తక మహోత్సవం ఉంటుంది కదా, ఆలోపు సంచిక చేతిలో ఉండేలా చూడండి.

మొగల్రాజపురం:
ఇందాకే ఫోన్ చేసి కవర్ కుదరదని చెప్పాను. అందరికీ ఇచ్చినట్టే లోపల రెండు పేజీలు ఇస్తాను, డబ్బేమీ వద్దన్నాను. ఆలోచించి చెబుతానన్నారు.

మంగళగిరి అక్కా, నాన్నగారు ఏ పూట మగ్గం మీద ఉంటారు? శనివారం వస్తాను. పేరూ ఇంటిపేరూ ఆయన చేత్తోనే రాయించుకుంటాను.