వాలు స్థలంలో ఇల్లు: మట్టి నింపాలా, వాలునే వాడుకోవాలా?

తిరుపతి పక్కన చంద్రగిరి దగ్గర మాకు 60 అంకణాల (అంకణం మా వైపు స్థలం కొలత) స్థలం ఉంది. దక్షిణాన రోడ్డు, అక్కడి నుంచి ఉత్తరానికి 6 అడుగుల పల్లం. వాస్తుకి ఇబ్బంది లేదని ఇంట్లో అందరికీ సంతోషమే. మేస్త్రీ మాత్రం మొత్తం గ్రావెల్ నింపి లెవెల్ చేద్దామంటున్నారు. నింపిన మట్టి తర్వాత కుంగితే? 2021 నవంబరులో మా ప్రాంతాన్ని ముంచెత్తిన వానలు చూశాక ఆ భయం పోవట్లేదు.

నాన్నకు మోకాళ్ల నొప్పులు. అందుకే హాలు, వంటిల్లు, ఆయన గది రోడ్డు లెవెల్లోనే పెట్టి, పల్లంలో పార్కింగ్, ఒక గది అనుకుంటున్నాం. అలా కడితే మట్టికి ఆనుకునే గోడ కాంక్రీటుదే కావాలా, రాతికట్టు చాలా? గోడ వెనక చేరే నీళ్లు బయటికి పోవడానికి ఏం చేయాలి? కింది గదికి చెమ్మ పట్టకుండా ఎలా? ఇలా కట్టుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.